జబ్బు మనిషితో వేళాంగణి యాత్ర: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, అమ్మకి అక్కడ ఏం దొరికింది

తమిళనాడు తీరంలో ఆరోగ్య మాత గుడి ఉన్న వేళాంగణి అనగానే మనవాళ్ళకి సెప్టెంబరు 8 పండుగే గుర్తొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఒక్కసారైనా ఆ పండుగ చూడాల్సిందే. ఆగస్టు 29న జెండా ఎక్కించిన దగ్గర్నుంచి మరియమ్మ పుట్టినరోజు దాకా, కాషాయం బట్టలు కట్టుకుని రోజుల తరబడి నడిచి వచ్చిన జనంతో ఆ చిన్న ఊరు కిక్కిరిసిపోతుంది. కానీ మీ వెంట వచ్చేది ఆపరేషన్ నుంచి ఇంకా తేరుకోని మనిషైతే ఆ రోజుల్లో మాత్రం వెళ్ళొద్దు. జబ్బు మనిషికి అక్కడ కావాల్సింది తీరిక. పక్కన కూర్చుని ప్రార్థన చేసే ఫాదర్ గారికి తీరిక ఉండాలి. మాత ముందు నిలబడ్డ మనిషిని వెనకనుంచి ఎవరూ నెట్టకూడదు. బాత్రూం దగ్గర క్యూ ఉండకూడదు. ఇవి దొరికేది మామూలు రోజుల్లోనే, అందులోనూ వారం మధ్యలో. శనివారం మాతకి ప్రత్యేకమైన రోజు కాబట్టి శుక్రవారం సాయంత్రం నుంచే బస్సులు దిగడం మొదలవుతుంది.

మేం పొంగల్ సెలవులు అయిపోయాక, జనవరి చివర్లో వెళ్ళాం. అమ్మ, పెద్దమ్మ, నేను. ఎండ లేదు, వానలు వెళ్ళిపోయాయి, సముద్రం మీంచి చల్లగాలి. అంతకన్నా మంచి కాలం దొరకదు.

అమ్మకి రొమ్ము కాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. డాక్టర్లు వాళ్ళు చెయ్యాల్సింది చక్కగా చేశారు, వాళ్ళకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. రిపోర్టులు బాగానే ఉన్నాయి. బాగా లేనిది అమ్మ. చంక కింద గ్రంథులు తీసేయడంతో కుడి చెయ్యి వాస్తుంది, రోజంతా ఆ చేతికి అరచేతి దాకా వచ్చే బిగుతు తొడుగు వేసుకునే ఉండాలి. ఆపరేషన్ తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వడం మానేసింది. మనవరాలు ఒళ్ళోకి ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మా విచారణ (పారిష్) గుడిలో ముప్పై ఏళ్ళు పాటలు పాడిన మనిషి, పూజలో (మాస్‌లో) చివరి బెంచీలో కూర్చుని పెదవి కూడా కదిపేది కాదు. దీనికి మందు ఏ డాక్టరు రాస్తారు? కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళాం, కొంత మేలు జరిగింది. అయినా అమ్మ ఒకటే మాట: "ఆరోగ్య మాతకి మొక్కుకున్నాను, అమ్మాయ్. మోకాళ్ళ మీద నడుస్తానని మొక్కుకున్నాను."

ముందు గుణదల వెళ్ళాం, మాకు అదే దగ్గర. గుణదల గురించి తెలుగువాళ్ళకి పరిచయం అక్కర్లేదు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి ఆ కొండ మీద లూర్దు మాత స్వరూపాన్ని పెట్టారు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి మాత మొదటిసారి కనిపించిన ఫిబ్రవరి 11వ తేదీయే గుణదల తిరునాళ్ళకి ముఖ్యమైన రోజు. 9న మొదలై మూడు రోజులు లక్షల మంది వస్తారు. రెండో జాన్ పాల్ పోపు గారు 1992లో ఇదే తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. అంటే గుణదల పండుగ రోజూ, రోగుల కోసం ప్రపంచమంతా ప్రార్థించే రోజూ ఒకటే.

గుణదలలో నాకు నచ్చినది భాష. పూజ తెలుగులో, పాటలు తెలుగులో, పక్కన కూర్చున్న ఆవిడ బాధ కూడా తెలుగులోనే. కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, హిందువులు, క్రైస్తవులు అందరూ ఒకే మెట్ల మీద ఉంటారు. మామూలు రోజు ఉదయం పూట వెళ్తే మాత ఉన్న గుహ ముందు ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఇబ్బంది మెట్లతోనే. కొండ మీది సిలువ దాకా ఎక్కడం ఆరోగ్యం ఉన్నవాళ్ళ పని. కీమో మందుల వల్ల అమ్మకి అరికాళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి, మెట్టు అంచు ఎక్కడుందో కాలికి తెలియదు. గుహ దాకా చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళి తీసుకొచ్చాం. పైకి వెళ్ళలేదని బాధపడాల్సిన పని లేదు, మాత గుహ దగ్గరే ఉంది. విజయవాడ చుట్టుపక్కల వాళ్ళు, దూర ప్రయాణం చెయ్యలేనివాళ్ళు గుణదలతో ఆగిపోయినా ఏ లోటూ లేదని నేను గట్టిగా నమ్ముతాను. అమ్మ మనసు మాత్రం మొక్కు మీదే ఉంది కాబట్టి వేళాంగణికి బయల్దేరాం.

బయల్దేరే ముందు రెండు పనులు చేశాం, రెండూ మీరూ చెయ్యండి. కాన్సర్ డాక్టరు గారిని అడిగి, రక్త పరీక్ష చేయించి, ప్రయాణం చెయ్యొచ్చని చెప్పించుకున్నాం. వాచే చేత్తో సంచి మొయ్యకూడదు, ఆ చేతికి సూదులూ బీపీ పట్టీలూ వద్దు, కాలకుండా చూసుకోవాలి అని ఆయన మళ్ళీ ఒకసారి చెప్పారు. కొవ్వొత్తుల ఊరికి వెళ్తున్నాం కాబట్టి చివరి మాట బాగా పనికొచ్చింది. రెండోది, మొక్కు సంగతి మా విచారణ ఫాదర్ గారికి చెప్పాం. మోకాళ్ళ మీద నడవడం ఇప్పుడు ఈవిడ వల్ల కాదు, ఏం చెయ్యమంటారని అడిగాం. చాలామందికి తెలియని విషయం ఒకటి ఆయన చెప్పారు. సొంతంగా చేసుకున్న మొక్కుని సడలించే అధికారం తగిన కారణం ఉంటే విచారణ గురువుకి చర్చి చట్టమే ఇస్తుంది. "మోకాళ్ళకి బదులు జపమాల చెప్పుకుంటూ నడవండమ్మా, నడిచినంతే నడవండి, మిగతాది మీ అక్కగారి చెయ్యి పట్టుకోండి" అన్నారు. అమ్మ ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఏ మందూ వేసుకోకుండా నిద్రపోయింది. మొక్కు తీర్చలేకపోయామన్న భయంతో నలిగిపోతున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే దయచేసి ముందు వాళ్ళని ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రయాణం గురించి క్లుప్తంగా. విజయవాడ నుంచి పొద్దున్నే పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ చైర్ కార్, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. అక్కణ్ణుంచి ఆటోలో ఎగ్మోర్. కారైక్కాల్ వెళ్ళే రైలు రాత్రికి గానీ లేదు, మధ్యలో చాలా గంటలు వెయిటింగ్ హాల్లో కూర్చోవాలి. జబ్బు మనిషితో అది కష్టమే. ఎగ్మోర్ దగ్గర ఓ గది తీసుకుని అమ్మని పడుకోబెట్టాం, ఆ ఖర్చుకి వెనకాడకండి. రాత్రి రైల్లో కింది బెర్తులు ముందే చూసుకున్నాం. తెల్లారేసరికి నాగపట్నం. అక్కణ్ణుంచి వేళాంగణి పది, పన్నెండు కిలోమీటర్లే, బస్సులు, ఆటోలు, టాక్సీలు అన్నీ ఉంటాయి. వేళాంగణికే స్టేషను ఉంది గానీ అక్కడికి వెళ్ళే రైళ్ళు తక్కువ.

వసతి దగ్గర మొదట దెబ్బతిన్నాం. ఫోన్‌లో కింది అంతస్తు గది ఇస్తామన్న ఒక ప్రైవేటు లాడ్జివాళ్ళు తీరా వెళ్ళాక రెండో అంతస్తు చూపించారు. లిఫ్టు లేదు. గదిలో తేమ వాసన, దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి. రక్తంలో కణాలు తక్కువగా ఉండే మనిషిని అలాంటి గదిలో ఉంచకూడదు. ఇచ్చిన డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు, వాదించే ఓపిక లేక వదిలేశాం. ఒక రాత్రి ఎలాగో గడిపి, పొద్దున్నే పుణ్యక్షేత్రం వాళ్ళ వసతి ఆఫీసుకి వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఆధార్ కార్డు చూపించి, అడ్వాన్సు కట్టి, "అమ్మకి కాన్సర్ ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కలేరు" అని చెప్పగానే అక్కడున్నాయన ఇంకేం అడగకుండా నేల మీది గది తాళం ఇచ్చారు.

క్షేత్రం వాళ్ళ గది ఆడంబరంగా ఏమీ ఉండదు. రెండు మంచాలు, ఒక ఫ్యాను, గోడ మీద సిలువ, కడిగిన నేల. వేడినీళ్ళు పొద్దున పూట బకెట్‌తో తెచ్చుకోవాలి. టీవీ లేదు, దానివల్ల మాకు మేలే జరిగింది. గుడి గంట వినిపించేంత దగ్గర. అద్దె ప్రైవేటు లాడ్జి కన్నా తక్కువ. వారం మధ్యలో అయితే గది దొరుకుతుంది, శని ఆదివారాలకి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. నా సలహా ఒకటే: మీ వాళ్ళు మెట్లు ఎక్కలేరని మొదటి వాక్యంలోనే చెప్పండి. మొహమాటపడకండి. అది జబ్బుమనుషుల ఊరు, అక్కడ ఆ మాట అందరికీ అర్థమవుతుంది.

ఆరోగ్య మాతకి ఆ పేరు ఎలా వచ్చిందో గది తుడిచే ఆవిడ అమ్మకి చెప్పింది, సగం తమిళం, సగం సైగలు. పాలు పోయడానికి వెళ్తున్న కుర్రాడు చెరువు పక్కన మర్రిచెట్టు కింద కునుకు తీస్తుంటే ఒకమ్మ చంటిబిడ్డతో కనిపించి పాలు అడిగిందట. ఇచ్చేశాడు. ఇంటికి వెళ్ళి చూస్తే కుండ నిండుగానే ఉంది. ఆ చెరువే మాతకుళం. ఇంకొంత కాలానికి, నడవలేని ఇంకో కుర్రాడు మజ్జిగ అమ్ముకుంటుంటే అదే అమ్మ మజ్జిగ తీసుకుని, నాగపట్నంలో ఉన్న ఒక పెద్దమనిషికి తన కోసం గుడి కట్టమని చెప్పి రమ్మంది. నేను నడవలేనమ్మా అన్నాడు. లెమ్మంది. లేచి పరిగెత్తాడు. ఆరోగ్య మాత అని పిలవడం అప్పటి నుంచే. తర్వాత తుఫానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు మరియమ్మ పుట్టినరోజునే ఈ ఒడ్డుకి చేరి, పూరి గుడిసె ఉన్న చోట గట్టి గుడి కట్టించారు. వాళ్ళు తెచ్చిన పింగాణీ పలకలు ఇప్పటికీ పీఠం దగ్గర ఉన్నాయి, వాటి మీద బైబిలు బొమ్మలు. 1962లో ఇరవై మూడో జాన్ పోపు గారు ఈ గుడికి బసిలికా అనే ప్రత్యేక హోదా ఇచ్చారు. 1970ల్లో వెనక వైపు కట్టిన రెండంతస్తుల భాగం లూర్దు గుడిని చూసి కట్టిందే.

పాలు, మజ్జిగ, నడవలేని కాళ్ళు. ఇవి పెద్దమ్మకి ఎంత నచ్చాయో! "చూశావా, ఆ తల్లి వచ్చింది కష్టపడి బతికే పిల్లల దగ్గరికే" అంటూ రోజంతా అదే చెప్పింది. లోపల మాత చీర కట్టుకుని, బిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంటుంది. మన ఇళ్ళల్లో నిలబడ్డట్టే ఉంటుంది.

వేళాంగణిలో పూజలు ఎక్కువగా తమిళంలోనే. మిగతా భాషల పూజల వేళలు ఆఫీసులో అడిగి రాసుకోవాలి. మేం తెలుగు పూజ కోసం అడిగితే, గుంటూరు వైపు నుంచి ఒక విచారణవాళ్ళు వాళ్ళ ఫాదర్ గారితోనే వచ్చారని, మర్నాడు పొద్దున ఒక చిన్న ప్రార్థనాలయంలో వాళ్ళకి పూజ ఉందని చెప్పారు. వెళ్ళి ఆయన్ని కలిశాం. అమ్మకి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే జబ్బు మనిషికి ఫాదర్ గారు ప్రార్థించి తైలం రాసే సంస్కారం, ఇస్తారా అని అడిగాను. "రండమ్మా, మాలోనూ ముగ్గురు ఉన్నారు, కలిపి ఇస్తాను. ఈ రాత్రి పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేసుకుంటానంటే వింటాను" అన్నారు.

ఈ అభ్యంగనం గురించి మన పెద్దవాళ్ళకి ఒక భయం ఉంది. చావు దగ్గర పడితేనే ఫాదర్ గారు తైలం పట్టుకొస్తారని. పాత రోజుల్లో అలాగే అయిపోయింది, అవస్థ అభ్యంగనం అనేవాళ్ళు. పెద్దమ్మ కూడా ముందు వద్దంది, "నా చెల్లెలు బాగానే ఉంటే ఇప్పుడెందుకు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండో వాటికన్ మహాసభ దీన్ని సరిచేసింది, 1972లో ఆరో పౌలు పోపు గారు కొత్త విధానం ఇచ్చారు. తీవ్రమైన జబ్బు వచ్చినవాళ్ళు, పెద్ద ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళు, వయసుతో బలహీనపడ్డవాళ్ళు అందరూ తీసుకోవచ్చు. జబ్బు మళ్ళీ ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. యాకోబు లేఖ ఐదో అధ్యాయంలో ఉన్నదే ఇది: మీలో ఎవరైనా జబ్బు పడితే సంఘ పెద్దల్ని పిలవండి, వాళ్ళు ప్రార్థించి నూనె రాస్తారు. ఆ తైలాన్ని పవిత్ర వారంలో పీఠాధిపతి (బిషప్) గారు తన గురువులందరి మధ్య ఆశీర్వదించి ఒక్కో విచారణకి పంపుతారు. అందుకే దుకాణాల్లో చిన్న సీసాల్లో దొరికే నూనె వేరు, ఇది వేరు. సీసా నూనె ఇంటికి తెచ్చుకుని భక్తితో రాసుకోవచ్చు, తప్పు లేదు. అభ్యంగనం మాత్రం గురువే ఇవ్వాలి.

మర్నాటి పూజలో సువిశేషం, చిన్న ప్రసంగం అయ్యాక ఫాదర్ గారు దిగి వచ్చారు. మొదట ఒక్కొక్కరి తల మీద రెండు చేతులూ పెట్టి ఊరుకున్నారు. మాటల్లేవు, పాట లేదు. అమ్మ తల మీద అప్పుడే రెండంగుళాల జుట్టు వస్తోంది, ఇంట్లో కూడా కొంగు తియ్యదు. ఆయన చేతులు కొంగు మీదే ఉన్నాయి, అమ్మ తనంతట తనే కొంగు వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత బొటనవేలితో తైలం అద్ది నుదుటి మీద సిలువ గుర్తు వేశారు. ప్రభువు తన కనికరంతో, పవిత్రాత్మ అనుగ్రహంతో నీకు తోడుండు గాక అనే అర్థం వచ్చే ప్రార్థన. ఆమెన్ అంది. చేతులు చాపమన్నారు. ఎడమ చెయ్యి వెంటనే చాపింది. కుడి చేతికి తొడుగు. అరచేయి సగం కప్పేసి ఉంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆయన ఆగారు. "తొందరేం లేదమ్మా, తియ్యండి" అన్నారు. ఆ తొడుగు తియ్యడం తేలిక కాదు, గట్టిగా పట్టి ఉంటుంది, మోచేతి పైనుంచి కొంచెం కొంచెంగా ఒలుచుకుంటూ రావాలి. నేను సాయం చెయ్యబోతే వద్దంది. అందరూ చూస్తుండగా, గుడి అంతా ఎదురుచూస్తుండగా, తనే తీసింది. ఆ చెయ్యి అమ్మ డాక్టర్లకి తప్ప ఎవరికీ చూపించలేదు, నాకు కూడా. ఆయన ఆ వాచిన అరచేతిని తన ఎడమ చేతిలోకి తీసుకుని నిదానంగా తైలం రాశారు. నిన్ను రక్షించి లేవనెత్తు గాక అనే మాట దగ్గర అమ్మ గట్టిగా ఏడ్చింది. పక్కనున్న ముసలాయన, ఆయనకి కాలు తీసేశారు, అమ్మ భుజం తట్టాడు. అమ్మ విదిలించుకోలేదు.

దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునే ముందు బైబిల్లోని శతాధిపతి మాటలు చెప్పుకుంటాం కదా, నీవు నా ఇంటికి రావడానికి నేను తగను, ఒక్క మాట పలికితే చాలు స్వస్థత పొందుతాను అని. ప్రతి పూజలోనూ చెప్పే మాటలే. ఆ రోజు అమ్మ గొంతు నాకు వినిపించింది. చివరి పాట అమ్మ కూడా పాడింది. గొంతు జీరగా ఉంది, పైస్థాయి అందలేదు, అయినా పాడింది.

వాపు తగ్గిందా అంటే తగ్గలేదు. ఇప్పటికీ తొడుగు వేసుకుంటూనే ఉంది. నేను స్వస్థత అంటున్నది ఏమిటంటే, గుడి బయటికి వచ్చాక అమ్మ ఆ తొడుగు నాకు ఇచ్చి "వెయ్యవే" అని చెయ్యి చాపింది. ఇన్నాళ్ళూ బాత్రూం తలుపు వేసుకుని తనొక్కతే కుస్తీ పట్టేది. ఆ మధ్యాహ్నం నాకు తన జబ్బు గురించి మొదటిసారి చెప్పింది: ఏ రోజు ఎంత భయమేసిందో, నాన్నతో ఏం చెప్పలేకపోయిందో. ఆ తైలంతో, ఆ చేతి స్పర్శతో, తనలాంటి మరో ముగ్గురి మధ్య నిలబడటంతో అమ్మ మనసు గడియ తెరుచుకుంది. దేవుడే తెరిచాడని నేను నమ్ముతాను.

సాయంత్రం మాతకుళం దారి. బసిలికా నుంచి మాతకుళం దాకా ఇసుక బాట ఉంది, మోకాళ్ళ మీద వెళ్ళేవాళ్ళ కోసం. సిలువ మార్గం స్థలాలు, జపమాల రహస్యాల బొమ్మలు దారి పక్కనే ఉంటాయి. పొద్దు బాగా వాలాక వెళ్ళండి, మధ్యాహ్నం ఇసుక కాలుతుంది. అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నవాళ్ళకి ఇసుకలో అడుగు నిలవదు, పక్కనున్న గట్టి దారిలో నడిపించాం. పెద్దమ్మ మాత్రం తన చెల్లెలి మొక్కు తను తీరుస్తానని చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టి మోకాళ్ళ మీద దిగింది. అరవై ఐదేళ్ళ మనిషి. వద్దంటే వినదు. అమ్మ పక్కన నడుస్తూ "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలుపెడితే పెద్దమ్మ రెండో సగం అందుకునేది. మా ముందు ఒక తమిళ జంట పసిబిడ్డని ఎత్తుకుని మోకాళ్ళ మీద వెళ్తున్నారు, మా వెనక బురఖా వేసుకున్న ఒకావిడ వాళ్ళబ్బాయిని వీల్‌చైర్‌లో తోసుకుంటూ వస్తోంది. నాగూరు దర్గా కూడా ఆ తీరంలోనే ఉంది, రెండు చోట్లకీ మొక్కుకునేవాళ్ళు ఆ ప్రాంతంలో మామూలే. మాతకుళం నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు వాటిని తాగకుండా నుదుటికి రాసుకుంటే మంచిది, అమ్మ అలాగే చేసింది.

గుడికీ సముద్రానికీ మధ్య వీధి అంతా దుకాణాలే. మనిషి ఎత్తు కొవ్వొత్తులు, పూలదండలు, కొబ్బరి మొక్కలు, పళ్ళాల నిండా వెండి రంగు రేకు బొమ్మలు. కన్ను, చెవి, గుండె, కాలు, ఉయ్యాల, ఇల్లు. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ బొమ్మ సమర్పిస్తారు. అమ్మ ముందు చెయ్యి బొమ్మ తీసుకుంది. కాసేపు తిప్పి చూసి పెట్టేసి, పూర్తి ఆడమనిషి రూపం ఉన్న రేకు తీసుకుంది. "అంతా ఇచ్చేస్తాను" అంది. అంతే, ఇంకేం వివరించలేదు. దుకాణాలవాళ్ళు చేతిలో దండలూ కొవ్వొత్తులూ పెట్టేసి తర్వాత ధర చెబుతారు, ముందే అడగండి. కొవ్వొత్తి బాగున్న చేత్తోనే పట్టుకోవాలి, కరిగిన మైనం జారుతుంది. జనం సమర్పించిన కానుకల ప్రదర్శనశాల తప్పకుండా చూడండి. బంగారు, వెండి బొమ్మలతో పాటు కృతజ్ఞతగా రాసిన ఉత్తరాలు, ఫొటోలు కనిపిస్తాయి. అమ్మ ఒక్కో అద్దాల పెట్టె దగ్గర ఆగి ఆగి చూసింది. ఇంతమందికి ఇన్ని జబ్బులా అంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా చుట్టాల్లో కొందరు అమ్మని ఊళ్ళల్లో జరిగే పెద్ద స్వస్థత కూటాలకి తీసుకెళ్ళమన్నారు. ఒకదానికి తీసుకెళ్ళాను. స్టేజీ మీద పెద్ద లైట్లు, చెవులు పగిలే మైకులు, "కాన్సర్ పోయింది, మాత్రలు పారెయ్" అనే కేకలు. అమ్మ భయంతో నా చెయ్యి పట్టుకుని వణికింది. అన్ని కూటాలూ అలాంటివే అనను, నిజాయితీగా కన్నీళ్ళతో ప్రార్థించే పాస్టర్లు నాకు తెలుసు, మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. కానీ మందులు మానమన్నవాళ్ళ దగ్గరికి మాత్రం జబ్బు మనిషిని తీసుకెళ్ళకండి. 2000 సంవత్సరంలో వాటికన్ స్వస్థత ప్రార్థనల మీద ఒక ఆదేశం ఇచ్చింది. ఉన్మాదం, నాటకీయత, సంచలనం లాంటివి అక్కడ ఉండకూడదని అందులో స్పష్టంగా ఉంది. లూర్దులో 1883 నుంచి డాక్టర్ల బ్యూరో పనిచేస్తోంది. స్వస్థత పొందామని చెప్పుకున్నవాళ్ళు అక్కడ ఏడు వేల మందికి పైగా ఉంటే, ఏళ్ళ తరబడి పరీక్షించి చర్చి అద్భుతాలని ఒప్పుకున్నవి డెబ్బై చిల్లర. ఇంత జాగ్రత్తగా ఉండే విశ్వాసం మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది. వేళాంగణిలో అమ్మకి తైలం రాసిన ఫాదర్ గారు చివర్లో అడిగిన ప్రశ్న కూడా ఇదే: "మాత్రలు టైముకి వేసుకుంటున్నారా అమ్మా?"

తిండి గురించి. బీచ్ వీధిలో చేపల వేపుడు ఘుమఘుమలాడుతుంది, పెద్దమ్మా నేనూ తిన్నాం, బాగుంది. అమ్మకి మాత్రం అప్పుడే వేసిన ఇడ్లీ, వేడన్నం, సాంబారు, సీలు తీసిన నీళ్ళ సీసాలు. పచ్చి చట్నీలు, కోసి పెట్టిన పళ్ళు వద్దన్నాం. కారం తక్కువ, మనవాళ్ళు ఊరగాయ తీసుకెళ్తే మంచిది.

బీచ్‌లో ఎక్కువసేపు ఉండలేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున, క్రిస్మస్‌కి వచ్చిన యాత్రికులు ఎంతోమంది ఆ ఒడ్డునే సునామీలో కొట్టుకుపోయారు. స్వస్థత కోసం వచ్చినవాళ్ళే. వాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన చోట ఒక జపమాల చెప్పుకున్నాం. దీనికి నా దగ్గర జవాబు లేదు, అమ్మ దగ్గరా లేదు. ప్రార్థన మాత్రం చెయ్యగలిగాం.

తిరుగు ప్రయాణం రైల్లో వద్దనుకుని చెన్నై దాకా కారు మాట్లాడుకున్నాం. మూడొందల కిలోమీటర్ల పైనే, దారిలో తరంగంబాడి దగ్గర ఆగి టీ తాగాం. 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ మిషనరీ దిగిన ఊరు అది, ఓపిక ఉన్నవాళ్ళు కోట చూడొచ్చు. కారు ఖర్చు ఎక్కువే అయినా, మధ్యలో ఎప్పుడంటే అప్పుడు ఆగి అమ్మ చెయ్యి ఎత్తుగా దిండు మీద పెట్టుకునే వీలు దొరికింది. వెళ్ళేటప్పుడు కూడా చెన్నై నుంచి కారే పెట్టుకుని ఉంటే బాగుండేదని పెద్దమ్మ అంది, నాకూ అలాగే అనిపించింది.

ఎవరికి ఏది అంటే, నా లెక్క ఇది. పడక మీద ఉన్నవాళ్ళని, బాగా నీరసంగా ఉన్నవాళ్ళని ఎక్కడికీ తీసుకెళ్ళకండి, మీ విచారణ ఫాదర్ గారికి ఫోన్ చెయ్యండి, తైలం తీసుకుని ఇంటికో ఆసుపత్రికో ఆయనే వస్తారు. అదే అభ్యంగనం, వేళాంగణిలో ఇచ్చినదానికన్నా ఒక్క వీసం తక్కువ కాదు. కాస్త తిరగగలిగినవాళ్ళకి గుణదల, మామూలు రోజు, పొద్దున పూట, గుహ దాకా. మొక్కు ఉండి, రాత్రి ప్రయాణం తట్టుకోగలిగి, ఇంటి గొడవలకి దూరంగా కొన్నాళ్ళు ఉండాలనుకునేవాళ్ళకి వేళాంగణి, అదీ క్షేత్రం వాళ్ళ గదిలోనే. అక్కడ హడావుడిగా పొద్దున దిగి సాయంత్రం తిరిగి వచ్చేస్తే ప్రయాణ బడలిక తప్ప ఏం మిగలదు. తెలుగు గురువు కావాలంటే మీ విచారణ నుంచి బృందంగా వెళ్ళడం అన్నిటికన్నా మంచిది, పూజకి చోటు కోసం ముందే క్షేత్రం ఆఫీసుకి రాయించండి.

అమ్మకి మార్చిలో స్కాన్ ఉంది. దానికి ముందు ఫిబ్రవరి 11 రద్దీ తగ్గాక గుణదల వెళ్దామంటోంది, మనవరాలిని కూడా తీసుకుని. గుహ దగ్గర పాడటానికి ఏ పాట బాగుంటుందో ఇద్దరూ ఇప్పటి నుంచే చర్చలు పెట్టుకున్నారు.